మోరా తుమ్మిన చలికాలం

ఆ ఏడు చలికాలం మా ఇంట్లో గొడవ కుక్క ముక్కులో వేసే చుక్కల దగ్గర మొదలైంది. ముగిసింది మాత్రం వేరే చోట. అక్కడిదాకా లాక్కెళ్లింది నేనే కాబట్టి చెప్పాల్సింది కూడా నేనే.

మేమిద్దరం అక్కాచెల్లెళ్లం. నేను జులేమా, చెల్లెలు ఎర్సిలియా. అల్మాగ్రో పేటలో మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. ఇద్దరి పనీ ఒకటే. ఉద్యోగాలకు పోయేవాళ్ల కుక్కల్ని పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి తీసుకుని, సెంతెనారియో పార్కులో తిప్పి, మధ్యాహ్నానికి మళ్లీ ఎవరి కుక్కని వాళ్లింట్లో అప్పజెప్పడం. మొత్తం పద్దెనిమిది. నా నడుముకి తొమ్మిది తాళ్లు, తన నడుముకి తొమ్మిది. వాటన్నిటికీ ముందు మోరా నడిచేది, తాడు లేకుండా.

మోరా ఎర్సిలియా కుక్క. ఓన్సే స్టేషన్ మెట్ల కింద దొరికింది. నల్లది, ఒక చెవి సగం లేదు. కొత్తగా వచ్చిన కుక్క ఎంత పొగరుదైనా సరే, మోరా వెళ్లి పక్కన నిలబడి ఒకసారి వాసన చూస్తే అణిగిపోయేది. ఎర్సిలియా "ఉండు" అంటే చాలు, షాపు బయట గంటైనా కదలకుండా కూర్చునేది. నిజానికి మా ఇద్దరికీ తిండి పెట్టింది ఆ కుక్కే. ఆ మాట నేను అది ఉన్నన్నాళ్లూ ఒక్కసారి కూడా అనలేదు.

జూన్ చివర్లో, మా దేశంలో చలి ముదిరే రోజుల్లో, ఎర్సిలియా నన్ను బలవంతాన డాక్టర్ ఉగార్తె దగ్గరికి తీసుకెళ్లింది. మా వీధి మూలనే ఆయన పశువుల ఆసుపత్రి. పశువులంటే కుక్కలు, పిల్లులే అనుకోండి.

"దగ్గు రాకుండా ముక్కులో వేసే ఆ చుక్కల మందు అన్ని కుక్కలకీ కావాలా డాక్టరుగారూ?" అని నేనే అడిగాను, అక్కర్లేదంటాడేమోనన్న ఆశతో.

"బాల్కనీలో కూర్చుని వీధి చూసే కుక్కకి అక్కర్లేదు. నీ కుక్కలు అలా కూర్చుంటాయా? ఒకే కంచెకి ఇరవై కట్టేస్తావు, ఒకే బకెట్లో నీళ్లు పోస్తావు. ఒకటి దగ్గితే అన్నీ దగ్గుతాయి."

"చట్టం ప్రకారం రేబిస్ టీకా ఒక్కటే కదండీ తప్పనిసరి?"

"చట్టం దగ్గదమ్మా. కుక్క దగ్గుతుంది."

ఎర్సిలియా నవ్వు ఆపుకుంటూ అడిగింది. "వేయిస్తే ఇంక రాదా డాక్టరుగారూ?"

"రాదని రాసివ్వను. వచ్చినా తేలిగ్గా పోతుంది. కుర్ర కుక్కలకైతే ఎటూ వారం పది రోజుల దగ్గే. ముసలివాటికి ఊపిరితిత్తుల్లోకి దిగితేనే కష్టం. ఇంకో మాట. ఈ చుక్కలు వేశాక కొన్ని కుక్కలు నాలుగైదు రోజులు తుమ్ముతాయి, కాస్త దగ్గుతాయి కూడా. అది జబ్బు కాదు. వచ్చి నా ప్రాణం తీయకండి."

ఇద్దరం విన్నాం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఇద్దరం విన్నాం.

బయటికొచ్చాక ఫుట్‌పాత్ మీదే తగువు పడ్డాం.

"పద్దెనిమిది ఇళ్లకీ చెబుదాం అక్కా. మందు వేయించిన కుక్కల్నే తీసుకెళ్తామని."

"పార్కులో జబ్బులున్నాయని నా నోటితో నేనే చెప్పనా? రేపు పొద్దున్నకల్లా సగం మంది వేరేవాళ్ల దగ్గరికి పోతారు."

"చెప్పకపోతే జబ్బు పోతుందా?"

"పని పోదు."

"ఎవరి కుక్కకన్నా ఏమన్నా అయితే?"

"అయినప్పుడు చూద్దాంలేవే. నువ్వు డాక్టరువి అయ్యావా ఇప్పుడు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దాని వెనక ఉన్నది భయం. అప్పటికి మూడేళ్ల కిందట, నా మొగుడు పోయినప్పుడు, ఒక చలికాలమంతా ఎవరింటి తలుపు తట్టినా పని దొరకలేదు. ఆ చలి మళ్లీ పడలేననిపించేది. ఎర్సిలియా ఇంక వాదించలేదు. జూలై నెలాఖరున ఒక శనివారం మోరాకి ఒక్కదానికీ చుక్కలు వేయించుకొచ్చింది.

"కనీసం ఇదొక్కటైనా. ఇది అందరి మూతులూ ముట్టుకుంటుంది కదా" అంది.

ఆ సోమవారమే నేను ఓతోని మళ్లీ తీసుకున్నాను.

ఓతో ఒర్తెన్సియాగారి బుల్‌డాగ్. రెండేళ్లది, బలిష్ఠంగా ఉండేది. ఆవిడ కుటుంబమంతా సెలవులకి బరిలోచేకి, మంచు చూడ్డానికి వెళ్లి, ఓతోని రెండు వారాలు కుక్కల బోర్డింగ్‌లో వదిలారు. బోర్డింగ్ నుంచి వచ్చిన కుక్కని రెండు వారాల దాకా పార్కుకి తేకూడదని అక్కడ కుక్కల్ని తిప్పే మా అందరి మధ్య ఒక కట్టుబాటు. రాసుకున్నది కాదు గాని ఎవరూ తప్పేవాళ్లు కాదు.

"ఇంట్లో పెట్టుకోలేకపోతున్నా జులేమా. సోఫా పీకి పోగులు పెట్టింది. నీకు కుదరకపోతే చెప్పు, ఇంకొకళ్లని చూసుకుంటా" అంది ఒర్తెన్సియాగారు. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "నిన్నటినుంచి కాస్త దగ్గుతోంది కూడా. అక్కడ పట్టుకున్నట్టుంది. ఎవరితో అనకు" అంది.

"అననమ్మా" అన్నాను.

లిఫ్టులో ఓతో రెండుసార్లు దగ్గింది. గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు పొడిగా, గట్టిగా. చివర కాస్త తెల్లటి నురగ కక్కింది. నా మఫ్లర్‌తో తుడిచి, మఫ్లర్ సంచిలో కుక్కాను. గేటు బయట ఎర్సిలియా మిగతా కుక్కలతో నిలబడి ఉంది. చెల్లెల్ని చూడగానే ఓతో మళ్లీ దగ్గింది.

"ఏంటక్కా, దగ్గుతోందేంటి?"

"కాలర్ నొక్కుకుంది, అంతే."

"ఇన్నాళ్లూ ఎక్కడుంది?"

"ఒర్తెన్సియాగారి పుట్టింట్లో."

కాలర్ నొక్కుకుందన్న మాట మా పనిలో రోజుకి పదిసార్లు అంటాం. తాడు లాగే కుక్కకి కాలర్ గొంతు మీద పడి దగ్గొస్తుంది. వినీ వినీ మా చెవులకి కుక్క దగ్గు వినిపించడమే మానేస్తుంది. కానీ ఆ రోజు ఓతో తాడు లాగలేదు. నా కాలి పక్కనే, తల వంచుకుని నడిచింది. అది నేను చూశాను.

మర్నాడు పార్కులో కుక్కల్ని కంచెకి కట్టేసి బెంచీల మీద కూర్చున్నాం. మాతే అనే మా ఆకు టీ చేతులు మారుతోంది. ఆకు వేసిన సొరబుర్రలో వేడినీళ్లు పోసి ఒక్కొక్కరికీ అందించేది ఎప్పుడూ విల్మారే, మా అందరికంటే పాతవాడు కాబట్టి. ఎనిమిది మందికి ఒకే బుర్ర, ఒకే ఇనుప గొట్టం. కుక్కలకి ఒకే బకెట్ పెడుతున్నామని డాక్టరు తిట్టాడని చెప్తే అందరూ పడీ పడీ నవ్వారు. చేతిలో బుర్ర సంగతి ఎవరికీ తట్టలేదు.

అప్పుడే మోరా తుమ్మింది. వరసగా ఏడెనిమిది తుమ్ములు. చివర్లో సన్నగా దగ్గింది కూడా.

"ఏమ్మా ఎర్సిలియా, మీ మేస్త్రికి పడిశం పట్టిందేంటి?" అన్నాడు విల్మార్.

"శనివారం ముక్కులో చుక్కలు వేయించా అన్నా, దగ్గు రాకుండా. నాలుగు రోజులు తుమ్ముతుందని డాక్టరు చెప్పాడు."

"దగ్గు రాకుండా వేయించావు, దగ్గొచ్చింది. మంచి మందే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఓతో కంచెకి చివర పడుకుని ఉంది. దగ్గినా నాకు తప్ప ఎవరికీ వినపడనంత దూరంలో కట్టాను దాన్ని. నీళ్లు మాత్రం ఆ బకెట్లోవే తాగింది. దానికి వేరే గిన్నె పెడితే ఎందుకని అడుగుతారు కదా.

తర్వాతి సోమవారానికి మా కుక్కల్లో మూడు దగ్గుతున్నాయి. బుధవారానికి విల్మార్‌వి ఐదు. శుక్రవారం కంచె దగ్గర నిలబడితే ఒక చివర మొదలైన దగ్గు రెండో చివరిదాకా పాకేది. ఓతోకి అప్పటికే తగ్గిపోయింది. మోరాకైతే ఆ మంగళవారం తుమ్ములే మొదలూ చివరా, అంత దగ్గు మధ్య తిరిగినా దానికి ఏమీ అంటలేదు.

నా తొమ్మిదిలో ఒకటి అల్మిరాంతే. ష్నౌజర్ జాతిది, పద్నాలుగేళ్ల ముసలిది, గడ్డం మీసం తెల్లబడిపోయి ఉండేది. డాన్ ఫెర్మిన్ అనే పెద్దాయనది. ఆయన గడియారాలు బాగుచేసి రిటైరైన మనిషి, భార్య పోయాక ఆ కుక్కతోనే మాట్లాడుకునేవాడు. మోకాళ్ల నొప్పులతో తిప్పలేక నాకు అప్పజెప్పేవాడు. దగ్గు అల్మిరాంతే ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఎనిమిది రోజులు ఇంజెక్షన్లు చేయించాడు. తొమ్మిదో రోజు పొద్దున నేను బెల్ కొడితే ఆయన తలుపు తీసి, "ఈ రోజు వద్దమ్మా" అన్నాడు. మళ్లీ ఆయనే, "ఇంక ఎప్పుడూ వద్దు" అన్నాడు.

ఆ శనివారం కుక్కల యజమానులు పార్కుకి వచ్చారు, పదిహేను మంది దాకా. ఒర్తెన్సియాగారు రాలేదు. డాన్ ఫెర్మిన్ వచ్చాడు, చేతిలో ఖాళీ తాడు పట్టుకుని. దాన్ని ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదనుకుంటా, అలవాటుగా చేతికి చుట్టుకుని ఉన్నాడు.

విల్మార్ మాతే కలుపుతూనే మొదలుపెట్టాడు. "నేను చూసింది నేను చెప్తా. మొదట దగ్గింది మోరా. ఎనిమిది మందిమి చూశాం."

"అది మందు వల్ల" అంది ఎర్సిలియా. "ఆ తర్వాత దగ్గిందా? మీరే చెప్పండి. ఈ పార్కులో దగ్గు పట్టని కుక్క అదొక్కటే."

"అందరికీ అంటించి తను బాగుందన్నమాట" అందొక ఆవిడ.

"కావాలంటే డాక్టర్ ఉగార్తెని అడగండి."

"మందు అమ్ముకునేవాడు మందు మంచిదనక ఏమంటాడు?"

ఎర్సిలియా నా వైపు తిరిగింది. దాని మొహంలో భయం లేదు. అక్క ఉంది కదా అన్న ధీమా ఉంది. నన్ను ఇప్పటికీ తినేది ఆ ధీమాయే.

"అక్కా, డాక్టరు చెప్పినప్పుడు నువ్వూ ఉన్నావు కదా. చెప్పు వీళ్లకి."

"డాక్టర్లు ఏవేవో చెప్తుంటారు" అన్నాను.

విల్మార్ బుర్ర నింపి అందించడం మొదలుపెట్టాడు. వరసలో ఎర్సిలియా నాకంటే ముందుంది. అది చెయ్యి చాపింది. విల్మార్ చెయ్యి దాని ముందునుంచి జరిగి నా దగ్గరికొచ్చింది. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత జేబులోకి వెళ్లింది. బుర్ర నేను అందుకున్నాను.

డాన్ ఫెర్మిన్ అప్పుడు నన్ను అడిగాడు, నెమ్మదిగా. "జులేమా, అల్మిరాంతేని రెండేళ్లు నీ చేతిలో పెట్టాను. నీ మాట నమ్ముతాను. మీ కుక్కల్లో బయటినుంచి వచ్చిందేమైనా ఉందా? బోర్డింగ్ నుంచి గాని, ఇంకెక్కడినుంచైనా గాని?"

నేను గొట్టం నోట్లో పెట్టుకుని తాగాను. నోరు కాలింది. అడుగున గురగురమని శబ్దం వచ్చేదాకా తాగాను. అంతలోకి ఎవరో "ఇంకేం కుక్క, అదిగో ఎదురుగానే ఉంది కదా" అన్నారు. ఇంకెవరో మాట అందుకున్నారు. నేను జవాబు చెప్పాల్సిన అవసరం లేకుండా పోయింది.

తీర్పు చిన్నదే. మోరా పార్కుకి రాకూడదు. మోరా ఉన్న ఇంటివాళ్లకి కుక్కల్ని ఇవ్వరు.

ఇంటికెళ్లాక ఎర్సిలియా బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

"మోరాని తీసుకుని పోతా. నువ్వు నీ కుక్కల్ని చూసుకో."

"ఎక్కడికి పోతావే? ఇంత కుక్కని పెట్టుకుని నీకు గది ఎవడిస్తాడు?"

"నువ్వెందుకలా అన్నావక్కా?"

"ఎలా అన్నాను?"

"డాక్టర్లు ఏవేవో చెప్తుంటారని."

"అంతమంది మీద పడుతుంటే ఏమనమంటావు? నీ కుక్క కోసం ఇద్దరం రోడ్డున పడదామా? ఒక్క నెల. వాళ్లు మర్చిపోయాక తెచ్చుకుందాం. బ్రౌలియోకి పాత ఇనుప సామాన్ల యార్డు ఉంది కదా, బోలెడంత చోటు. ఇక్కడికంటే అక్కడే హాయిగా ఉంటుంది."

బ్రౌలియో నా మొగుడి తమ్ముడు. యార్డు ఊరి బయట, గొంసాలెస్ కతాన్ అవతల, మూడో నంబరు హైవే పక్కన. ఆదివారం ట్రక్కు తెచ్చాడు. ముగ్గురం, మోరా, ముందు సీట్లోనే ఇరుక్కుని వెళ్లాం. యార్డులో సగానికి కోసిన ఆయిల్ డ్రమ్ము, దాని ముందు గొలుసు. చోటు చాలానే ఉంది, గొలుసు మాత్రం నాలుగడుగులు. మోరా డ్రమ్మునీ గొలుసునీ వాసన చూసింది. తర్వాత ఎర్సిలియా మొహం చూసింది.

"ఉండు" అంది ఎర్సిలియా.

మోరా కూర్చుంది. మేం గేటు దాటేదాకా కదల్లేదు, మొరగలేదు.

"బంగారం లాంటి కుక్కమ్మా" అన్నాడు బ్రౌలియో.

మోరా లేక మా కుక్కలు చెల్లాచెదరయ్యాయి. రోజూ ఒక కొట్లాట, రోజూ ఒక తాడు చిక్కు. ఎర్సిలియా నాతో పనికి కావలసినంతే మాట్లాడేది. ఆదివారం ఆదివారం బస్సెక్కి కతాన్ వెళ్లేది. వచ్చాక తన కోటు నిండా నల్లటి వెంట్రుకలు ఉండేవి, దులుపుకునేది కాదు. నాలుగో ఆదివారం మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. చేతిలో కాలర్ ఉంది.

బుద్ధిగా ఉంటోందని బ్రౌలియో గొలుసు తీసేశాడట. అప్పటినుంచి మోరా రోజూ ఎర్సిలియా బస్సు వచ్చే వేళకి రోడ్డు దాటి అవతలి స్టాపులో కూర్చునేదట. బస్సు వెళ్లాక తిరిగొచ్చేదట. శుక్రవారం దాటుతుంటే లారీ కొట్టేసింది. చెప్పడానికి మొహం చెల్లక బ్రౌలియో ఫోన్ చెయ్యలేదు.

ఎర్సిలియా వంటింట్లో గరిటెలు తగిలించే మేకుకి కాలర్ తగిలించింది. నాకు ఏడుపు రావాలి. వచ్చింది గాని, నేనన్న మాట మాత్రం ఇది:

"ఇంకో కుక్కని తెచ్చుకుందాంలేవే."

అది నా వైపు చూడను కూడా చూడలేదు.

ఇంతలో అల్మిరాంతే చావు ఇంటింటికీ పాకింది. యజమానులకి భయం పట్టుకుంది. నేను నోరు తెరవాల్సిన పనే లేకుండా సెప్టెంబరు మూడో వారానికల్లా ఉగార్తె ఆసుపత్రి ముందు వరస కట్టారు. వారంలో మా పదిహేడింటికీ, విల్మార్ కుక్కలకీ, పార్కులో అందరి కుక్కలకీ చుక్కలు పడ్డాయి. ఇంక చూడండి, కంచె పొడుగునా ఒకటే తుమ్ములు.

"ఏం లేదండీ, మందు వల్ల. నాలుగు రోజుల్లో పోతుంది" అని దారిన పోయేవాళ్లందరికీ విల్మార్ తనే డాక్టరైనట్టు చెప్పేవాడు. మాతే బుర్ర ఎర్సిలియాకే ముందు అందించాడు, ఏమీ జరగనట్టు. అది తీసుకోలేదు.

సెప్టెంబరు చివర్లో నాకు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. మంచం దిగలేకపోయాను. ఎర్సిలియా అన్నిటినీ ఒక్కతే రెండు విడతలుగా తిప్పింది. అంతకుముందు ఓతోని తీసుకోవడానికి పైకి వెళ్లేది ఎప్పుడూ నేనే. ఆ రోజు అది వెళ్లింది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, గుమ్మడికాయ సూప్ కాచింది. గిన్నె నా ఒళ్లో పెట్టి, మంచం పక్కన కుర్చీ వేసుక్కూర్చుంది. నెల తర్వాత మొదటిసారి అంత దగ్గరగా కూర్చుంది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఒర్తెన్సియాగారు నిన్ను తెగ మెచ్చుకుంది అక్కా."

"ఎందుకూ?"

"బోర్డింగ్‌లో ఓతోకి దగ్గు అంటుకుందని మొదటి రోజే నీకు చెప్పిందట. ఎవరికీ చెప్పొద్దంటే చెప్పలేదట నువ్వు. ఈ రోజుల్లో అలా మాట నిలబెట్టుకునే మనిషెవరున్నారు అంది."

సూప్ గొంతుకి అడ్డం పడింది. ఏదో అనబోయాను. మాట బదులు దగ్గొచ్చింది, ఆగకుండా, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. గిన్నె దుప్పటి మీద ఒలికింది. నీళ్ల గ్లాసు ఎర్సిలియా చేతికందేంత దూరంలో ఉంది. అది నా గొంతు వైపే చూస్తూ కూర్చుంది.

"ఏం లేదక్కా" అంది. "కాలర్ నొక్కుకుంది, అంతే."